గోల్డెన్ వీక్‌లో కొడమా: షింకాన్‌సెన్‌లో పల్లెవెలుగు

ఆర్టీసీలో కంట్రోలర్‌గా చేసి రిటైరైనవాణ్ని. సంక్రాంతి ముందు రోజు బస్టాండు ఎలా ఉంటుందో నాకు ఒకరు చెప్పక్కర్లేదు. ఎక్స్‌ప్రెస్ కిటికీలోంచి తువ్వాళ్లు వేసి సీట్లు ఆపుకుంటుంటారు. దాని వెనకాలే పల్లెవెలుగు సగం ఖాళీగా కదిలిపోతుంది. జపాన్‌లోనూ ఇదే కథ అని 2024 మే 3న తెలిసింది.

టోక్యోలో ఉద్యోగం చేస్తున్న మా అమ్మాయి దగ్గరికి నేనూ మా ఆవిడా వెళ్లాం. వెళ్లింది సరిగ్గా గోల్డెన్ వీక్‌లో. ఏప్రిల్ 29 ఒక సెలవు, మే 3, 4, 5 వరసగా మూడు. ఆ ఏడు 5వ తేదీ ఆదివారం పడింది కాబట్టి 6 కూడా ఇచ్చేశారు. దేశం దేశమంతా ఒకేసారి పెట్టె సర్దుకుంటుంది. మాకేమో క్యోటో చూడాలని సరదా.

టోక్యో నుంచి క్యోటోకి షింకాన్‌సెన్, అంటే బుల్లెట్ రైలు ఉంది. అందులో అందరూ ఎక్కే బండి నొజొమి, రెండుంబావు గంటల్లో దింపేస్తుంది. రిజర్వేషన్ నెల ముందు ఉదయం 10 గంటలకి తెరుస్తారు. మేం చూసింది రెండు రోజుల ముందు. మూడు సీట్లు ఒక్క చోట దొరకలేదు. 2023 ఆఖరి నుంచి పెద్ద సెలవుల్లో నొజొమి బోగీలన్నీ రిజర్వ్‌డే. అన్‌రిజర్వ్‌డ్ టికెట్‌తో ఎక్కితే తలుపుల దగ్గర నిలబడాలి. మా ఆవిడ మోకాళ్లు అందుకు ఒప్పుకోవు.

"నాన్నా, కొడమా అని ఇంకోటుంది గానీ అన్ని స్టేషన్లలోనూ ఆగుతుంది," అంది అమ్మాయి, అదేదో లోపం అన్నట్టు.

"అదే తియ్యమ్మా," అన్నాను.

ఈ లైన్లో బళ్లు మూడు రకాలు: నొజొమి అంటే ఆశ, హికారి అంటే వెలుగు, కొడమా అంటే ప్రతిధ్వని అట. పేరులో వెలుగు హికారికి ఉన్నా పల్లెవెలుగు మాత్రం కొడమాయే. అలాగని నత్తనడక బండి అనుకోకండి. పరుగులో ఇదీ 285 కిలోమీటర్ల వేగం అందుకుంటుంది, కాకపోతే ఆగుతుంది. క్యోటోకి మూడు గంటల ముప్పావు పట్టింది. అన్‌రిజర్వ్‌డ్ టికెట్ మనిషికి 13,320 యెన్‌లు, నొజొమి రిజర్వ్‌డ్ కంటే వెయ్యికి పైనే తక్కువ. రద్దీ రోజుల్లో రిజర్వ్‌డ్ రేటు పెరుగుతుంది, దీనిది పెరగదు.

మొదటి గంట మాత్రం ఓర్చుకోవాలి. కొడమా అంటే ఎవరూ ఉండరనుకుని తీరిగ్గా వెళ్తే దెబ్బతింటారు. అతామిలో వేడినీళ్ల ఊటలున్నాయి, పిల్లాపాపలతో అక్కడికెళ్లే కుటుంబాలన్నీ ఇందులోనే. బండి బయల్దేరేది టోక్యోలోనే కాబట్టి అక్కడే ఎక్కాలి. అరగంట ముందు మొదటి బోగీ గీత దగ్గర నిలబడ్డాం, ముగ్గురికీ సీట్లు దొరికాయి. అతామి, మిషిమా దాటేసరికి బోగీ బోసిపోయింది. ముందు వరస ఖాళీ అవగానే మా ఆవిడ అక్కడికి మారి కాళ్లు చాపుకుని కూర్చుంది.

ఆ తర్వాత షిన్-ఫుజి. నొజొమి ఇక్కడ ఆగదు. మన బండిని పక్క లైన్లో పెట్టారు, మన భాషలో చెప్పాలంటే క్రాసింగ్. ప్లాట్‌ఫారం మీదికి దిగి చూస్తే కాగితం మిల్లుల గొట్టాల వెనక ఫుజి కొండ, నెత్తిన ఇంకా మంచు. చూస్తుండగానే మధ్య లైన్లో నొజొమి దూసుకుపోయింది. శబ్దం కంటే ముందు గాలి వచ్చి చెంప మీద కొట్టినట్టయింది, చొక్కా వెనక్కి లాగేసింది. కిటికీలన్నీ కలిసి ఒక్క తెల్ల గీత. ఆ గీతలో కూర్చున్నవాళ్లకి ఈ కొండ ఎంతసేపు కనపడి ఉంటుంది? ఫుజి బాగా కనిపించే ఇంగ్లీషు E అక్షరం సీటు కోసం పోటీ పడతారట. నాకు ఏ సీటూ అక్కర్లేకపోయింది.

షిజువోకా దాటాక తేయాకు తోటలు. మే మొదట్లోనే అక్కడ తొలి కోత, లేత ఆకు రంగు కళ్లకి కొట్టినట్టుంది. మే 5 పిల్లల పండగ కదా, ఇళ్ల ముందు గుడ్డతో కుట్టిన చేపలు వాసాలకి ఎగురుతున్నాయి. నల్ల చేప నాన్న అట. హమమత్సు తర్వాత బండి హమనా సరస్సు మీదుగా వెళ్తుంది. అప్పటికి మా ఆవిడ నిద్రలో ఉంది, లేపలేదు, తర్వాత తిట్లు తిన్నాను.

బండిలో అమ్మకాలుండవు. తిండీ నీళ్లూ ముందే కొనుక్కోవాలి. మేం అన్నం ముద్దలు తెచ్చుకున్నాం, లోపల ఉప్పులో ఊరిన పుల్లటి ఉమె పండు. ఉసిరికాయ ఊరగాయ నంజుకున్నట్టే ఉంది. పెట్టె కొలతలు మూడూ కలిపి 160 సెంటీమీటర్లు దాటితే దానికి చోటున్న సీటు ముందే రిజర్వ్ చేసుకోవాలి. ఇంకోటి, కొడమాలన్నీ క్యోటో దాకా పోవు, కొన్ని నగోయాలోనో మిషిమాలోనో ఆగిపోతాయి. బోర్డు చూసుకుని ఎక్కండి.

అయిదుకి నాలుగిస్తాను. ఆ తగ్గించిన ఒకటి మొదటి గంటకి.

క్యోటోకి ముందు స్టేషన్ మైబారా. అక్కడ దిగింది ఓ పది మంది. అమ్మాయి ఫోన్‌లో చూసి చెప్పింది, మామూలు రైల్లో ఒక్క స్టేషన్ పోతే హికొనె అని కోట ఉన్న ఊరు, పక్కనే బివా సరస్సు, అక్కణ్ణుంచి క్యోటోకి గంటలోపే. "గది ఇక్కడ తీసుకోవాల్సింది," అంది. అప్పటికే తలుపులు మూసుకున్నాయి. క్యోటోలో దిగి సిటీ బస్సు క్యూ చూశాం. మెలికలు తిరిగి స్టేషన్ గోడ దాకా ఉంది.

మా ఆవిడ నా వైపు చూసి, "దీనికి పల్లెవెలుగు లేదా?" అంది.