ఓడల టెక్నికల్ మేనేజ్‌మెంట్: ఇంజిన్ రూమ్ నుంచి ఒక సమీక్ష

ఓడ యజమాని ఒకరు, దానిని అద్దెకు తీసుకుని సరుకు తిప్పేది మరొకరు, మరమ్మతులు, స్పేర్లు, సర్వేలు చూసుకునేది మూడో సంస్థ కావడం ఈ రంగంలో మామూలే. అటువంటి టెక్నికల్ మేనేజ్‌మెంట్ సంస్థ ఒకదాని కింద, బొగ్గు, ధాన్యం వంటి సరుకును విడిగా మోసే బల్క్ క్యారియర్ ఓడపై సెకండ్ ఇంజనీరుగా రెండు కాంట్రాక్టులు పనిచేశాను.

ఓడను నీళ్ల నుంచి బయటికి తీసి మరమ్మతు చేసే డ్రై డాక్ విషయంలో ఈ సంస్థను మనస్ఫూర్తిగా మెచ్చుకుంటాను. అయిదేళ్లకోసారి వచ్చే స్పెషల్ సర్వేకు, అంటే ఓడ సమగ్ర తనిఖీకి, చాలా నెలల ముందే పనుల జాబితా మొదలుపెట్టారు. సంస్థ తరఫున ఓడను పర్యవేక్షించే సూపరింటెండెంట్ ఫైళ్లతో సరిపెట్టుకోకుండా బాయిలర్ సూట్ వేసుకుని ఓడ నిలకడ కోసం నీళ్లు నింపే బ్యాలస్ట్ ట్యాంకుల్లోకి స్వయంగా దిగి, తుప్పు పట్టిన ప్రతి చోటునూ చాక్‌తో గుర్తు పెట్టారు.

స్పేర్ల సరఫరా మాత్రం బాధ కలిగించింది. ఇంధనాన్ని శుభ్రపరిచే మా రెండు ప్యూరిఫయర్లలో ఒకటి సీల్ రింగులు లేక మూలపడితే, ఆఫీసు మూడు కొటేషన్ల కోసం ఎదురుచూసింది. తీరా పంపిన పార్సిల్ రేవు చేరేసరికి ఓడ బయలుదేరిపోయింది. ఇది చిన్న విషయం కాదు. ఓడ ఇంధనమైన బంకర్ నూనెలో అల్యూమినియం, సిలికాన్ రేణువులు కిలోకు 60 మిల్లీగ్రాముల వరకు ఉండవచ్చని ఐఎస్‌ఓ 8217 ప్రమాణం చెబుతుంది. వాటిని ఇంజిన్‌కు చేరకముందే తొలగించే ప్యూరిఫయర్ సరిగా పనిచేయకపోతే ఇంజిన్ సిలిండర్ల లోపలి తొడుగులైన లైనర్లు, పిస్టన్ రింగులు గీరుకుపోతాయి. కొన్ని వేల రూపాయల రింగుల దగ్గర పొదుపు చేసి, లక్షల విలువైన లైనర్‌ను పణంగా పెట్టడం నాకు ఏ లెక్కలోనూ సబబుగా తోచలేదు.

చివరకు చీఫ్ ఇంజనీరు గారు ఒడ్డున ఉండి ఓడ భద్రత సమస్యలను పై యాజమాన్యం దృష్టికి తీసుకెళ్లే డీపీఏకు (డిజిగ్నేటెడ్ పర్సన్ అషోర్) నేరుగా రాశారు. 1987లో బెల్జియంలోని జీబ్రగ్ రేవు దగ్గర హెరాల్డ్ ఆఫ్ ఫ్రీ ఎంటర్‌ప్రైజ్ అనే ప్రయాణికుల ఫెర్రీ మునిగి 193 మంది చనిపోయాక, ఒడ్డునున్న యాజమాన్యానికీ బాధ్యత ఉండాలన్న ఆలోచనతో వచ్చిన ఐఎస్‌ఎం కోడ్ (అంతర్జాతీయ భద్రతా నిర్వహణ నియమావళి) కల్పించిన పదవి అది; బల్క్ క్యారియర్లకు ఆ కోడ్ 1998 జులై 1 నుంచి తప్పనిసరి. రెండు రోజుల్లో జవాబు, తర్వాతి రేవులో విమానంలో వచ్చిన స్పేర్లు అందాయి. ఈ వ్యవస్థను అలంకారంగా ఉంచనందుకు సంస్థను గౌరవిస్తాను. కానీ సీల్ రింగుల కోసం అంతదూరం వెళ్లాల్సి రాకూడదు.

అయిదుకు మూడు మార్కులు ఇస్తాను. తమ ఓడను అప్పగించదలచిన యజమానులు సర్టిఫికెట్లతో పాటు, ఏదైనా ఒక ఓడ నుంచి వచ్చిన ఇండెంట్లలో (స్పేర్ల కోసం పంపిన అభ్యర్థనల్లో) ఎన్ని, ఎన్నాళ్లుగా పెండింగులో ఉన్నాయో చూపమని అడగండి.