సీసీ కెమెరా క్లిప్పా, పాదముద్రా? ఏది నమ్మాలి?

"ఇది చిరుతేనా అండీ?" విశాఖలో మధురవాడ, ఆరిలోవ, అడవివరం వైపు నుంచి నాకు వాట్సాప్‌లో వచ్చే ప్రశ్నల్లో సగం ఇదే. కింద పదిహేను సెకన్ల క్లిప్పు ఉంటుంది. అర్ధరాత్రి, బూడిదరంగు బొమ్మ, ప్రహరీ పక్కన నడిచిపోయే ఏదో జంతువు, మెరిసే రెండు కళ్లు. అడిగేవాళ్లను భయస్తులని నవ్వలేం. కంబాలకొండ అభయారణ్యం సుమారు 71 చదరపు కిలోమీటర్లు. దాని అంచు దాకా మన లేఅవుట్లు వెళ్లిపోయాయి. అక్కడ చిరుతలున్న మాట కూడా నిజమే.

నేను అటవీశాఖ మనిషిని కాను. సెలవు రోజున కొండల్లో తిరిగే అలవాటు, అంతే. మొదట్లో క్లిప్పు చూసి ఏదో ఒకటి చెప్పేసేవాణ్ణి. ఇప్పుడు మానేశాను. తెల్లారాక వెళ్లి అడుగుజాడ దొరుకుతుందేమో చూసి, కొలిచి పంపండి అంటున్నాను.

"మచ్చలు అంత స్పష్టంగా ఉంటే అడుగులెందుకు?" అంటారు. ఆ మచ్చలే నాకు నమ్మకం లేనివి. రాత్రిపూట ఈ కెమెరాలు చాలావరకు ఇన్‌ఫ్రారెడ్ వెలుగులో చూస్తాయి, రంగు ఉండదు. వేపాకుల నీడ వీపు మీద పడితే మచ్చల్లాగే ఉంటుంది. పునుగు పిల్లికి నిజంగానే మచ్చలుంటాయి, కానీ దాని బరువు రెండు నుంచి నాలుగు కిలోలు. పైగా నా దాకా వచ్చేసరికి ఆ క్లిప్పు నాలుగు గ్రూపులు తిరిగి, ఎవరో జూమ్ చేసి కత్తిరించి, నాణ్యత సగం పోగొట్టుకుని వస్తుంది.

అంతకన్నా పెద్ద చిక్కు సైజు. గేటు పైన పదడుగుల ఎత్తున పెట్టిన వైడ్ లెన్స్‌కి దగ్గరగా వచ్చిన వీధికుక్క దూడంత కనిపిస్తుంది. దూరంగా నడిచిన చిరుత పిల్లిలా కనిపించినా ఆశ్చర్యం లేదు. పాదముద్రలో కొలత దానిలోనే ఉంది. క్లిప్పుకి మాత్రం కొలత బయట నుంచి అరువు తేవాలి. నా దృష్టిలో తేడా అంతా ఇక్కడే.

దీనికి ఒక పెద్దాయన మంచి ప్రశ్న వేశారు. పులుల లెక్కకి ఒకప్పుడు పాదముద్రలే ఆధారం కదా, రాజస్థాన్‌లోని సరిస్కా అడవిలో పులులు మాయమైన గొడవ తర్వాత 2006 లెక్క నుంచి కెమెరాలకు మారారు కదా, మీరేమిటి వెనక్కి పోతున్నారు అని. ఆ లెక్కకి కావలసింది వేరు. ఇది ఏ పులి, నిన్నటిదేనా, వేరొకటా అని తేల్చాలి, దానికి ఒంటి చారలు కావాలి. అందుకే ఆ కెమెరాలను కాలిబాటకు రెండు పక్కలా, మోకాలి ఎత్తున కడతారు. మన గేటు మీది కెమెరా దొంగల కోసం పెట్టింది. మనకు కావలసింది కూడా ఏ చిరుత అని కాదు, అసలు చిరుతేనా అని.

పోయిన నెల మా వీధిలోనే పరీక్ష వచ్చింది. రాత్రి రెండున్నరకి ఎదురింటి కెమెరాలో ఒకటి పడింది. పొద్దున ఆరింటికల్లా గ్రూపులో చిరుత అని తేలిపోయింది. పిల్లల్ని స్కూలుకి ఎలా పంపాలి, పాలబ్బాయి ఎలా వస్తాడు అని ఒకటే టెన్షన్. మూల మీద కడుతున్న ఇంటి ముందు ఇసక పోసి ఉంది. దాని వాచ్‌మన్ అప్పటికే చూసేశాడు. "ఏటి బాబూ, అది సిరత కాదు. జంగుపిల్లి" అని ఇసక మీద నాలుగు అడుగులు చూపించాడు. జంగుపిల్లి అంటే అడవిపిల్లి.

పక్కన పదిరూపాయల నాణెం పెట్టాను. నాణెం అడ్డం 27 మిల్లీమీటర్లు. అడుగు రెండు నాణేల వెడల్పు కూడా లేదు, నాలుగున్నర సెంటీమీటర్లు. పెద్ద చిరుత అడుగు ఏడు సెంటీమీటర్లకు పైనే ఉంటుంది, మూడు నాణేల దాకా వెళ్తుంది. గుండ్రంగా, నాలుగు వేళ్లతో, గోళ్ల గుర్తు లేకుండా ఉంది కాబట్టి కుక్కా కాదు, నక్కా కాదు. తడి మట్టిలో అయితే అడుగు విచ్చుకుని పెద్దదిగా అచ్చు పడుతుంది, అది గుర్తుంచుకుని కొలవాలి. ఇసక చెమ్మగా, గట్టిగా ఉండటం మా అదృష్టం.

అయినా పాదముద్రతో పని పూర్తి కాలేదని ఒప్పుకోవాలి. "చిరుత కూన అయితే?" అని మా పక్కింటి మాస్టారు అడిగారు. న్యాయమైన అనుమానమే. కూన అడుగు చిన్నదే, తల్లి దగ్గర్లోనే ఉంటుంది కాబట్టి భయం ఇంకా ఎక్కువ. అప్పుడు మళ్లీ క్లిప్పు దగ్గరికే వెళ్లాం, ఈసారి తోక కోసం. కూనకైనా తోక పొడుగ్గానే ఉంటుంది. క్లిప్పులోని తోక పొట్టిది, వెనక కాలి మడమ దాకా వచ్చి ఆగింది, చివర నల్ల పట్టీలు. అడవిపిల్లి తోక అలాగే ఉంటుంది, కాళ్లు మాత్రం పొడుగు. ఇంకో సాక్షి ఎదురింటి ప్రహరీ. ఇంకా ప్లాస్టరింగ్ చేయలేదు. సిమెంటు బ్రిక్కు వరస ఒక్కోటి ఎనిమిది అంగుళాలు. గోడను ఆనుకుని నడిచినప్పుడు భుజం రెండో వరస అంచు దగ్గర ఉంది, అంటే పదహారు అంగుళాలు. పెద్ద చిరుతైతే మూడో వరస అంచు దాకా రావాలి. గోడ లేనిచోట మర్నాడు అదే కెమెరా కింద, అదే చోట చీపురుకట్ట నిలబెట్టి పోల్చుకోవచ్చు.

తోక పొడుగ్గా ఉంటే మాత్రం చిరుత అని పరుగెత్తకండి. గోడల మీద, కొబ్బరిచెట్ల మీద తిరిగే మానుపిల్లికి తోక దాదాపు ఒళ్లంత పొడుగు. దాన్ని నల్లచిరుత అని నాకు రెండుసార్లు పంపారు. కాళ్లు పొట్టి, అడుగులో వేళ్లు ఐదు. బావురుపిల్లి తోక కూడా పొట్టిదే, కానీ ఒళ్లంతా మచ్చలు, గోళ్లు పూర్తిగా లోపలికి పోవు. అది నీళ్లూ మడ అడవులూ ఉన్నచోటి జంతువు, కాకినాడ దగ్గర కోరింగలో ఉంది. దుమ్ములగొండి అయితే వెనకభాగం కిందికి వాలి ఉంటుంది, ఒకసారి చూస్తే మరిచిపోరు.

ఫోటో పెడితే పేరు చెప్పే యాప్‌లు పగటి ఫోటోకి పరవాలేదు. రాత్రి క్లిప్పుకి వద్దు. ఒకే వీడియోలోని రెండు ఫ్రేములు పెడితే యాప్ నాకు ఒకదానికి చిరుత అని, ఇంకోదానికి పెంపుడు పిల్లి అని చెప్పింది.

వీధంతా సిమెంటు రోడ్డు, అడుగెక్కడ పడుతుంది అంటారా? అది వచ్చే దారిలో ముందురోజు రాత్రి మెత్తని ఎర్రమట్టి జల్లెడ పట్టి పలచగా పరవండి, మట్టి లేకపోతే ముగ్గుపిండి. అడుగు ఏడు సెంటీమీటర్లు దాటి గోళ్లు లేకుండా ఉంటే నాకు పంపి జవాబు కోసం కూర్చోకండి, నేరుగా అటవీశాఖకి ఫోన్ చేయండి, పిల్లల్నీ కుక్కల్నీ లోపల ఉంచండి. దాని వెనక టార్చిలైటు పట్టుకుని మాత్రం వెళ్లొద్దు.

మిగతా వాటికైతే నాకే పంపండి. కెమెరాలోంచి నేరుగా తీసిన ఫైలు, టైము కనిపించేలా. అడుగుని సరిగ్గా పైనుంచి తీయండి, పక్కన నాణెం ఉండాలి. మా వాచ్‌మన్‌కి కూడా చూపిస్తాను, నాకన్నా అతనే తొందరగా చెప్తాడు.