బీఎండబ్ల్యూ త్రీ సిరీసా, మెర్సిడెస్ సీ క్లాసా?

స్టీరింగ్ పట్టుకునేది మీరే అయితే నా ఓటు బీఎండబ్ల్యూ త్రీ సిరీస్‌కే. 1975 నుంచి వస్తున్న ఈ కారులో బరువు ముందు, వెనక చక్రాల మీద దాదాపు సగం సగంగా పడుతుంది. చాలా మోడళ్లలో ఇంజన్ శక్తి వెనక చక్రాలకే వెళ్తుంది కాబట్టి ముందు చక్రాలకు కారును మలుపు తిప్పే పని ఒక్కటే. మలుపులో కారు చెప్పినట్టు వినడానికి కారణం అదే. పైగా త్రీ సిరీస్‌లోనే శక్తిమంతమైన మోడల్ ఎమ్340ఐలో ఆరు సిలిండర్ల ఇంజన్ దొరుకుతుంది. ఇప్పటి తరం సీ క్లాస్ 2021లో వచ్చినప్పుడు అందులో అన్నీ నాలుగు సిలిండర్లవే. ఆరు సిలిండర్ల ఇంజన్ మృదుత్వం వేరు, ఒకసారి నడిపితే మర్చిపోలేం.

అయితే త్రీ సిరీస్‌లో కుదుపులను తట్టుకునే సస్పెన్షన్ కాస్త గట్టి. గతుకుల రోడ్డు మీద, ముఖ్యంగా పంక్చరైనా కొంత దూరం నడిచే రన్‌ఫ్లాట్ టైర్లుంటే, వెనక కూర్చున్నవాళ్లకు ఆ కుదుపు తెలుస్తుంది. అక్కడ మెర్సిడెస్ సీ క్లాస్ హాయి. లోపలి అలంకరణ కూడా దానిదే అందం. కానీ ఏసీ సహా అన్నీ 11.9 అంగుళాల తెర మీదే. నడుపుతూ అందులో వెతకడం నాకు నచ్చదు. 2022 మార్పుల తర్వాత త్రీ సిరీస్ కూడా అదే దారి పట్టింది, బాధగా ఉంది.

డిక్కీ త్రీ సిరీస్‌లో 480 లీటర్లు, సీ క్లాస్‌లో 455. వెనక మధ్య సీటు మాత్రం రెండింటిలోనూ ఇబ్బందే, కింద మధ్యలో ఎత్తుగా ఉండే టన్నెల్ కాళ్లకు అడ్డం.