ఆటోనగర్‌లో వాక్యూమ్ పంపు రిపేరు: పనికి తిరుగులేదు, తేదీ మాత్రం నమ్మొద్దు

మా ల్యాబ్ చాంబర్‌లోంచి గాలి తోడే రోటరీ పంపు బరువు 28 కిలోలు. దాన్ని విశాఖ మద్దిలపాలెంలో ఆటో ఎక్కించి గాజువాక ఆటోనగర్ దాకా కాళ్ల మధ్య ఇరికించుకుని తీసుకెళ్లాను. షెడ్డుకు బోర్డు లేదు. లారీ కంప్రెసర్లు విప్పే షెడ్ల వరసలో, ముందు నూనె డబ్బాలు పేర్చి ఉంటాయి.

నేను ఫిజిక్స్ రీసెర్చ్ స్కాలర్‌ని. లేజర్‌తో జెనాన్ పరమాణువుల నుంచి ఎలక్ట్రాన్లు ఊడగొట్టడం నా పని. మా ఆకుపచ్చ లేజర్ 532 నానోమీటర్లది. ఒక్కో ఫోటాన్‌కు, అంటే కాంతి రేణువుకు, 2.33 ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి. జెనాన్ ఎలక్ట్రాన్ ఊడాలంటే 12.13 కావాలి. ఐదు ఫోటాన్లు చాలవు, ఆరు కలిసి పడాలి. అంత తీక్షణంగా కేంద్రీకరించిన లేజర్, చాంబర్‌లో మిగిలిన చెత్తను మాత్రం ఎందుకు వదులుతుంది? ఎలక్ట్రాన్ ఊడిన కణాల బరువులు చూపే గ్రాఫులో 129, 131, 132 దగ్గర వేర్వేరు బరువుల జెనాన్ పరమాణువులు (ఐసోటోపులు) పుల్లల్లా నిలబడాల్సింది పోయి, 18 దగ్గర నీళ్లు, 43, 57 దగ్గర పంపు నూనె ముక్కలు తెర నిండా కనిపించాయి. గైడ్‌గారు గ్రాఫు చూసి ఏమీ అనలేదు. అదే ఎక్కువ టెన్షన్.

మేస్త్రీ పంపు పక్కనున్న గాజు కన్నంలోంచి చూసి, "ఇదేటి బాబూ, నూనె పొయ్యమంటే మజ్జిగ పోసినారు" అన్నాడు. నిజంగా తెల్లగా చిలికినట్టే ఉంది. మన సముద్రపు గాలిలో తేమ నూనెలో కలిసిపోతే అంతే. వేన్లు, అంటే పంపు లోపల తిరిగే రేకులు, విప్పి నా అరచేతిలో పెట్టాడు. ఒకదాని అంచు గోరు తగిలేంత అరిగిపోయింది. అరిగినవి చూపించకుండా మార్చేశామనే మెకానిక్కులను చూశాను కాబట్టి ఇది నచ్చింది.

మూడు రోజులన్నాడు, పదకొండు రోజులైంది. రోజూ "రేపు తప్పకుండా". మా సీనియర్ నా మీద కస్సుమన్నాడు. ఆయనది ప్రోటాన్లతో పని. ప్రోటాన్లను వేగంగా తోసే భువనేశ్వర్ యాక్సిలరేటర్‌కు వెళ్లేముందు పలచటి లోహపు టార్గెట్లు ఈ పంపుతో గాలి తీసిన చాంబర్‌లోనే పూత పోసుకోవాలి. 3 మెగా ఎలక్ట్రాన్ వోల్టుల ప్రోటాన్ కాంతి వేగంలో 8 శాతం వేగంతో పోతుంది. దానికి ఆరుగురు తోడు అక్కర్లేదు, ఒక్కటే చాలు, పరమాణువు లోపలి కక్ష్యలోని ఎలక్ట్రాన్‌ను తన్నేసి వెళ్తుంది. ఆ ఖాళీ నిండేటప్పుడు వచ్చే ఎక్స్‌రేను ఆయన కొలుస్తాడు. టార్గెట్ లేకపోతే ఇవన్నీ కాగితం మీదే.

పంపు వచ్చాక బిగించి చూస్తే గేజ్‌లో పీడనం 0.03 మిల్లీబార్ దగ్గర ఆగి, ఇంక దిగనని మొరాయించింది. కోపంగా ఫోన్ చేశాను. "గ్యాస్ బ్యాలస్ట్ నాబ్ కట్టినావా బాబూ?" అని అడిగాడు. పంపులోకి కాస్త గాలి వదిలే నాబ్ అది. కట్టలేదు. నూనెలో తేమ పోవడానికి రాత్రంతా అది తెరిచి తిప్పాడట, అలాగే పంపాడు. నాబ్ మూసిన కాసేపటికి 0.002కు దిగింది. సారీ చెప్పి పెట్టేశాను. ముందే ఓ చీటీ అంటించి ఉంటే ఏం పోయింది అని మాత్రం ఇప్పటికీ అనిపిస్తుంది.

వేన్లు, సీళ్లు, నూనె కలిపి 6,800 అయింది. జీఎస్టీ బిల్లు మొదటే గట్టిగా అడగండి. నాకు చేతిరాత చీటీ ఇచ్చారు, అకౌంట్స్‌లో తిప్పి కొట్టారు. మళ్లీ గాజువాక వెళ్లొచ్చాను. మధ్యాహ్నం ఒంటిగంట నుంచి మూడు దాకా అక్కడ ఎవరూ ఫోన్ ఎత్తరు. ఆదివారం మూత.