పుస్తకాలు కొనేవాళ్లూ జాగ్రత్త: ‘సంపూర్ణ నవల’ పేరుతో సగం కథ కూడా లేని పుస్తకం అంటగడుతున్నారు

వైజాగ్‌లో పిల్లల కోసం ఇంగ్లీషు సైన్స్ ఫిక్షన్ సాహస నవలలు కొనేవాళ్లు ఒక్క నిమిషం ఆగి ఇది చదవండి. ఆర్టీసీ కాంప్లెక్స్ చుట్టుపక్కల ఒక షాపులో (పేరు రాయను) ఫ్రెంచి రచయిత జూల్ వెర్న్ ‘ది మిస్టీరియస్ ఐలాండ్’ కొన్నాను, 399 రూపాయలు పెట్టి. మా మేనల్లుడు బీచ్ రోడ్డులో కురుసుర సబ్‌మెరైన్ ఎక్కి చూసొచ్చిన దగ్గర్నుంచి అందులో వచ్చే జలాంతర్గామి కెప్టెన్ నెమో కథ కావాలని నా ప్రాణం తోడేస్తున్నాడు. అట్ట మీద బంగారు రంగులో ‘కంప్లీట్ అండ్ అన్‌అబ్రిడ్జ్‌డ్’ (కోతల్లేని పూర్తి పుస్తకం) అని ఉంది. పైన ప్లాస్టిక్ కవరు. విప్పి చూస్తానంటే కుదరదన్నారు.

ఇంటికొచ్చి విప్పితే ఇంతింత లావు అక్షరాలు, పేజీ విడిచి పేజీ బొమ్మలు. అసలు నవల మూడు భాగాలు, 62 అధ్యాయాలు. ఇందులో పన్నెండే.

పోనీ ఏవో వర్ణనలు కోశారులే అనుకోవడానికి లేదు, ప్రాణమున్న చోటే కోశారు. 1865లో అమెరికా అంతర్యుద్ధం మధ్య ఐదుగురు మనుషులు, ఒక కుక్క బెలూన్‌లో తప్పించుకుని పసిఫిక్‌లో ఒక దీవి మీద పడతారు. చేతిలో పనిముట్టంటూ లేదు. ఇంజనీరు రెండు గడియారాల అద్దాలు తీసి, మధ్యలో నీళ్లు నింపి, అంచులు మట్టితో అతికి, ఆ భూతద్దంతో ఎండు నాచు అంటిస్తాడు. పిల్లలు నోరు తెరుచుకుని చదివే చోటు అది. ఈ పుస్తకంలో ‘వాళ్లు మంట వేసుకున్నారు’ అని ఒక్క ముక్క, అంతే. కుర్రాడు హెర్బర్ట్ జ్వరంతో చావుబతుకుల్లో ఉంటే ఎవరో రాత్రికి రాత్రి క్వినైన్ పెట్టి వెళ్లే ఘట్టం అసలే లేదు.

అన్నిటికన్నా ఘోరం నెమో సంగతి. ఆయన మనవాడు, బుందేల్‌ఖండ్ యువరాజు దక్కర్. 1857 తిరుగుబాటులో పోరాడి, అయినవాళ్లందరినీ పోగొట్టుకుని సముద్రంలోకి వెళ్లిపోయిన మనిషి. లోకానికి కనబడకూడదనే బతికినవాడు, ముక్కూమొహం తెలియని ఐదుగురిని చాటునుంచి కాపాడుకుంటూ వస్తాడు. అగ్నిపర్వతం ఎలా పేలబోతోందో చెప్పి చనిపోతాడు. ఆఖరికి వాళ్లని తీసుకెళ్లడానికి ఓడ వచ్చింది కూడా ఆయన ముందే పక్క దీవిలో పెట్టివచ్చిన చీటీ వల్లే. ఈ పుస్తకంలో మాత్రం ఒక ముసలాయన చనిపోయాడు, ఓడ వచ్చింది, అయిపోయింది. “మావయ్యా, ఈ తాత ఎవరు?” అని అడిగాడు మావాడు.

వెనక్కి పట్టుకెళ్తే కౌంటర్లో అబ్బాయి, “సీల్ తీశాక తీసుకోం సార్. పిల్లల బుక్కే కదా, సరిపోద్ది” అన్నాడు. బిల్లు బదులు తెల్ల చీటీ మీద అంకె రాసిచ్చారు. 2019 వినియోగదారుల చట్టం ప్రకారం బిల్లు ఇవ్వకపోవడమూ, లోపమున్న సరుకు వెనక్కి తీసుకోనని మొండికేయడమూ రెండూ తప్పే. బిల్లులో గడువు రాయకపోతే 30 రోజుల లోపు తీసుకోవాలి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు ఇచ్చాను. మీరు బిల్లు అడిగి మరీ తీసుకోండి, కవరు విప్పనివ్వకపోతే కొనకండి.

ఇంకో రకం కూడా అమ్ముతున్నారు. సైజు నిండుగానే ఉంటుంది. మొదటి అధ్యాయాల్లో ఇంజనీరు పేరు చూడండి. సైరస్ స్మిత్ అని కాక సైరస్ హార్డింగ్ అని ఉంటే అది 1875 నాటి ఇంగ్లీషు అనువాదం. బ్రిటిష్ పాలన మీద నెమోకున్న మంటని అందులో బాగా చల్లార్చేశారు. పైగా అది ప్రాజెక్ట్ గూటెన్‌బర్గ్ అనే పాత పుస్తకాల వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతుంది, దానికి వందలు పోయడమెందుకు? కొనేదేదో 2001లో వచ్చిన సిడ్నీ క్రావిట్జ్ అనువాదమో, జోర్డన్ స్టంప్‌దో అడగండి. ఖరీదెక్కువే గానీ కోతలుండవు.

ఆ షాపులో అదే వరుసలో ఇదే బంగారు అక్షరాలతో వెర్న్‌వి, ఇంగ్లీషు సైన్స్ ఫిక్షన్ రచయిత హెచ్.జి. వెల్స్‌వి ఇంకా చాలా ఉన్నాయి. పబ్లిషర్ ఒకరే. విప్పి అధ్యాయాలు లెక్కపెట్టందే ఒక్కటీ కొనకండి.