పన్నెండేళ్లుగా మీడియా క్వెరీలతో కాపురం

రెస్పాన్సివ్ డిజైన్ (తెర వెడల్పును బట్టి పేజీ తన అమరిక మార్చుకునే పద్ధతి) అన్న మాటను వెబ్ డిజైనర్ ఈథన్ మార్కాట్ 2010లో వాడుకలోకి తెచ్చారు. నా దాకా వచ్చేసరికి 2013 అయింది. అంతకుముందు పేజీని 960 పిక్సెళ్లకు బిగించేసి చేతులు దులుపుకునేవాణ్ని. 1024×768 తెర ఉన్నవాళ్లకి బాగానే కనిపించేది. ఫోన్లో చూసేవాళ్ల గోడు ఎవరికి పట్టింది?

మీడియా క్వెరీలు, అంటే తెర ఇంత వెడల్పుంటే పేజీ ఇలా ఉండాలని చెప్పే షరతులు, చేతికొచ్చాక 768, 992, 1200 అంటూ, పేజీలకు రెడీమేడ్ సరంజామా ఇచ్చే బూట్‌స్ట్రాప్ అంకెల్ని మంత్రంలా జపించాను. అంకెల్లో తప్పేం లేదు గానీ, అవి నా పేజీకి పుట్టినవి కావు. ఒక బట్టల దుకాణం సైట్లో 768 దగ్గర అంతా చక్కగా ఉండి, 820 దగ్గర మెనూ రెండు వరసలైంది. దానికో క్వెరీ రాశాను. ఇంకో టాబ్లెట్, ఇంకో క్వెరీ. చివరికి ఆ ఫైల్లో పద్నాలుగు పోగయ్యాయి. ఒకదాన్ని ముట్టుకుంటే ఇంకోటి చెడేది. ఇప్పుడు ఫోన్ల పేర్లే చూడను. బ్రౌజర్ కిటికీని మెల్లగా ఇరుకు చేసుకుంటూ పోతాను, పేజీకి ఎక్కడ ఊపిరాడకపోతే అక్కడే అమరిక మారే హద్దు, అంటే బ్రేక్‌పాయింట్.

"నా ఫోన్ 1080 అండీ, మీ కంప్యూటర్ కన్నా తక్కువేం కాదు" అంటారు క్లయింట్లు. నిజమే, కానీ 1080×2400 ఫోన్ చాలాసార్లు బ్రౌజర్‌కి తన వెడల్పు 360 అనే చెబుతుంది. ఒక్కో సీఎస్‌ఎస్ పిక్సెల్‌కి (పేజీ రూపాన్ని రాసే భాష లెక్కలో పిక్సెల్) అడ్డంగా తెర మీది మూడు చుక్కలు, నిలువుగా మూడు. ల్యాప్‌టాప్ సంగతీ అంతే: 1920×1080 తెరకి విండోస్‌లో 125 శాతం స్కేలింగ్ పెడితే మనకు మిగిలేది 1536×864.

అసలు పరీక్ష తెలుగు పెట్టినప్పుడే. ఇంగ్లీషు నమూనాలో ముచ్చటగా ఇమిడిన శీర్షికలో "పర్యవేక్షణాధికారులకు" అని పడగానే, 320 వెడల్పు తెరలో మాట గట్టు దాటి పేజీ మొత్తం పక్కకి ఊగింది. మాటను విరగ్గొట్టమని సీఎస్‌ఎస్‌లోని ఓవర్‌ఫ్లో‌ర్యాప్‌కి చెబితే విరుస్తుంది, కానీ "పర్యవేక్షణాధికా" దగ్గర ఆగి "రులకు" కింద పడితే చదివేవాడు నవ్వుతాడు. అందుకే ముందు, అక్షరాల సైజుకి పై, కింది హద్దులు పెట్టే క్లాంప్‌తో శీర్షికను తెరతోపాటు కుదించి, విరవడాన్ని ఆఖరి మార్గంగా ఉంచుతాను. వరసల మధ్య 1.2 ఎడం (అక్షరం సైజుకి 1.2 రెట్ల వరస ఎత్తు) కూడా మనకు చాలదు. ఎత్తు బిగించిన డబ్బాలో "స్త్రీ" కింద ఒత్తులు తెగిపోయిన కార్డు ఒకటి వారం రోజులు అలాగే నడిచింది, నేనే చూసుకోలేదు. ఇప్పుడు 1.6కి తగ్గను. ఎత్తులు బిగించడం మానేశాను, మా అమ్మ తన బ్రౌజర్లో అక్షరాలు పెద్దవి చేసుకుంటే బటన్లలో సగం మాటే కనిపించడం చూశాక.

కంటెయినర్ క్వెరీలు 2023 ఫిబ్రవరికల్లా ప్రధాన బ్రౌజర్లన్నిట్లోకీ వచ్చేశాయి. కార్డు తెర వెడల్పు అడగదు, తానున్న గది వెడల్పే అడుగుతుంది. నా క్వెరీల్లో సగం వీటితోనే ఎగిరిపోయాయి. ఒకటే విసుగు: డబ్బా తన వెడల్పును బట్టి తన రూపం తాను మార్చుకోలేదు, పైన ఇంకో డబ్బా చుట్టాల్సిందే.

మీడియా క్వెరీలకి నా మార్కులు ఐదుకి మూడున్నర. కొత్త సైట్లలో రెండో మూడో మిగులుతున్నాయి. పద్నాలుగు క్వెరీల బట్టల దుకాణం మాత్రం ఇంకా అలాగే ఉంది. దసరా బ్యానర్ మార్చమని ఫోన్ వచ్చినప్పుడల్లా గుండె గుభేలుమంటుంది.