ఎక్స్ పవర్ ఎక్స్: లాగ్ తీసుకోవడమా, రెండు ముక్కలు కూడటమా?

హన్మకొండలో సాయంత్రం పూట ఇంటర్ పిల్లలకు లెక్కలు చెప్తాను. అవకలనం (డిఫరెన్షియేషన్, అంటే వాలు కనుక్కోవడం) పాఠంలో ఏటా ఒక్క లెక్క దగ్గర క్లాసు రెండుగా చీలుతుంది: ఎక్స్ పవర్ ఎక్స్. కొందరు పైనున్న ఎక్స్‌ను ముందుకు దించి, ఘాతంలో ఒకటి తగ్గించి, చివరికి మళ్లీ ఎక్స్ పవర్ ఎక్స్ దగ్గరికే వస్తారు. మిగతావాళ్లు ఎ పవర్ ఎక్స్ సూత్రం పట్టుకుని, ఎక్స్ పవర్ ఎక్స్ ఇంటూ లాగ్ ఎక్స్ అని రాస్తారు. "సార్, రెండిట్ల ఏది కరెక్టు?"

రెండూ తప్పే. కానీ ఆ రెండింటినీ కూడితే వచ్చేదే సరైన జవాబు!

ఎక్స్ విలువ 2 అనుకోండి. మొదటి జవాబు 4, రెండోది సుమారు 2.77, మొత్తం 6.77. (ఇక్కడ లాగ్ అంటే ఇ ఆధారంగా ఉన్నది. క్యాలిక్యులేటర్‌లో దానికి ఎల్ఎన్ బటన్ నొక్కాలి.) ఇప్పుడు 2.01 పవర్ 2.01 కొట్టి చూడండి, 4.0684 వస్తుంది. 0.01 జరిగితే 0.0684 పెరిగింది, అంటే వాలు 6.8 దరిదాపుల్లో ఉంది. 4తో గానీ 2.77తో గానీ ఇది పొసగదు.

కారణం తేలికే. ఎక్స్ కదిలితే కింద ఆధారమూ కదులుతుంది, పైన ఘాతమూ కదులుతుంది. ముందు ఘాతాన్ని ఆపి ఒకసారి, తర్వాత ఆధారాన్ని ఆపి ఇంకోసారి అవకలనం చేసి, రెండు మార్పులనూ కూడుతున్నాం. దీన్నే మా దగ్గర రెండు ముక్కల పద్ధతి అంటాం.

లాగ్ పద్ధతిలో అయితే ఎక్స్ పవర్ ఎక్స్‌ను వై అనుకుని రెండు పక్కలా లాగ్ తీసుకుంటాం. ఘాతం కిందికి దిగి మామూలు గుణకారం అవుతుంది: లాగ్ వై ఈక్వల్ టు ఎక్స్ లాగ్ ఎక్స్. అవకలనం చేస్తే ఎడమ పక్క వై డాష్ బై వై, కుడి పక్క 1 ప్లస్ లాగ్ ఎక్స్. చివర వైతో గుణించడం మరిచిపోయి మార్కులు పోగొట్టుకునేవాళ్లు ఏటా ఉంటారు.

మరి ఏది మేలు? బోర్డు పరీక్షకు లాగే. ప్రతి మెట్టూ కాగితం మీద కనిపిస్తుంది, స్టెప్ మార్కులు పడతాయి. ఎప్‌సెట్‌లో (పాత ఎంసెట్) 180 నిమిషాల్లో 160 ప్రశ్నలు కాబట్టి అక్కడ రెండు ముక్కలదే పైచేయి. సైన్ ఎక్స్ హోల్ పవర్ ఎక్స్ ఇచ్చినా రెండు లైన్లలో తేలిపోతుంది.

ఒక్కచోట మాత్రం లాగ్‌తో జాగ్రత్త. ఎక్స్ పవర్ టాన్ ఎక్స్‌కు సైన్ ఎక్స్ హోల్ పవర్ కాస్ ఎక్స్ కూడిన లెక్కలో చాలామంది మొత్తానికీ ఒకేసారి లాగ్ వేసి, దాన్ని విడివిడి లాగ్‌ల మొత్తంగా రాసేస్తారు. అలా విడగొట్టగలిగేది గుణకారాన్నే. ఒకదానికి యు, ఇంకోదానికి వి అని పేరు పెట్టి విడిగా చేయాలి. టెన్త్‌లో వాస్తవ సంఖ్యల పాఠంలో సంవర్గమానాలు బాగా చదివిన తెలుగు మీడియం పిల్లలు కూడా ఇక్కడ తడబడతారు. ఆ సంవర్గమానమే ఈ లాగ్ అని వాళ్లకు ఎవరో ఒకరు చెప్పాలి.

అయినా ముందు నేర్పేది లాగ్ పద్ధతినే. ఘాతంతో పనిలేని లెక్కల్లోనూ అది అక్కరకొస్తుంది. 1 ప్లస్ సైన్ ఎక్స్ బై 1 మైనస్ సైన్ ఎక్స్, దాని వర్గమూలానికి లాగ్ ఇచ్చారనుకోండి. నేరుగా చైన్ రూల్‌తో దిగితే అర పేజీ నిండుతుంది. ముందే సగం ఇంటూ రెండు లాగ్‌ల తేడాగా విడగొడితే, మూడో లైన్‌లో కాస్‌లు కొట్టేసుకుని సీకెంట్ ఎక్స్ ఒక్కటే మిగులుతుంది.